పాసు పిల్లలు

మాది ఇల్లెందు దాటినంక అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి ఇవతల, వాగుకు ఈ ఒడ్డున ఇరవై మూడు గడపల మాదిగవాడ. వాడ వెనక టేకు, మద్ది, తునికి. ఇంకొంచెం లోపలికి పోతే కోయగూడెం. ఒక దిక్కు ఖమ్మం, ఇంకో దిక్కు భద్రాచలం. చరిత్ర రాసేవాళ్ళు ఈ నేల గురించి తక్కువ రాయలేదు. రామదాసు గుడి కట్టించింది రాశారు, బొగ్గు బయటపడింది రాశారు, దళాలు తిరిగింది రాశారు. మా పిల్లలు బడికి ఎట్లా పొయ్యారో మాత్రం రాయలేదు. అదీ ఒక చరిత్రేనా అని మీరు అడగొచ్చు. మా వాడలో ఎవరు చదివారు, ఎవరు మిరప తోటకు పొయ్యారు అన్నది తేల్చింది అదే. అందుకే రాస్తున్నాను.

మా అడవిలోకి దారులు పడ్డది మనుషుల కోసం కాదు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గున్నదని కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు కోసం డోర్నకల్లు నుంచి పట్టాలు వేశారు. తర్వాత టేకు దుంగల లారీకి దారి, తునికాకు కాంట్రాక్టరు లారీకి దారి. 1979లో సారపాకలో కాగితం మిల్లు నడవటం మొదలైనంక వెదురు లారీలకు దారి. లోపలి నుంచి బయటికి ఏదన్నా తీసకపొయ్యేదుంటే దారి తొందరగానే పడేది. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నది. గోదావరి మీద వంతెన 1965లో గాని రాలేదు. అంతకుముందు రాములవారి కల్యాణానికి పొయ్యేవాళ్ళు రేవు కాడ పడవ కోసం కూసునేవాళ్ళని మా అవ్వ చెప్పేది. దేవుడి దగ్గరికి పోవటానికే అంత ఆలస్యం అయితే, అక్షరం దగ్గరికి పోవటానికి మాకెంత కావాలి?

ఊళ్ళో బడి ఉన్నది. పటేలుగారి పశువుల కొట్టం పక్కన రేకుల కప్పు. ఒక్కడే పంతులు, మూడో తరగతి దాకా. నాలుగు, అయిదు చదవాలంటే పెద్దూరు పోవాల. మా వాడ నుంచి ఆరు కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లు మట్టి బాట, తర్వాత క్రాస్ రోడ్డు, అక్కణ్ణుంచి ఇంకో మూడు. ఎనిమిదేళ్ళ పిల్లగాడు పొద్దున ఆరు, సాయంత్రం ఆరు నడిస్తే ఇక చదివేదెప్పుడు? మా అన్నలు ఇద్దరూ మూడో తరగతితోనే ఆగారు. వాళ్ళకు చదువు రాక కాదు.

1978లో బస్సు వచ్చింది. సాయంత్రం వచ్చి ఊళ్ళో నైట్ హాల్ట్ చేసి, పొద్దున ఏడున్నరకు వాగు మీది కల్వర్టు దాటి, మా వాడ చింతచెట్టు కాడ ఆగి, పెద్దూరు మీదుగా ఇల్లెందు పొయ్యేది. ఈ దేశంలో రాజులు ఏనుగులెక్కిన లెక్కలు అందరికీ నోటికి వస్తాయి గాని, బస్సు లెక్క ఎవరికీ తెలవదు. హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలైనయి. రైల్వే శాఖ కింద 27 బస్సులు. అదే పెరిగి పెరిగి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. బస్సు నంబర్లలో ఉండే జడ్ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీద పెట్టిందని అంటారు. ఇరవై ఏడు బస్సులు మొదలైన 46 ఏండ్లకు ఒక బస్సు మా చింతచెట్టు కాడికి వచ్చింది.

మొదటి రోజు సంగతి చెప్పాలి. బస్సుకు పసుపు రాసి, మామిడాకులు కట్టారు. పటేలు కొబ్బరికాయ కొట్టాడు. ముందు మా అయ్య, మా చిన్నాయన, ఇంకో నలుగురు డప్పు కొట్టుకుంట నడిచారు. క్రాస్ రోడ్డు నుంచి ఊళ్ళోకి బస్సు ముందర డప్పు కొట్టారు. తర్వాత ఊరివాళ్ళందరూ బస్సెక్కి ఇల్లెందు దాకా ఉత్తగనే తిరిగొచ్చారు. డప్పు కొట్టినవాళ్ళను ఎక్కమన్నోడు లేడు. మా అయ్య ఇంటికొచ్చి డప్పు చూరుకు తగిలేసి, 'నేనెక్కకపోతే మాన్లే, మావోడు రోజూ ఎక్కుతడు' అన్నాడు.

ఎక్కాను. మొదట్లో వెనక సీటు కాడికి కూడా పోకుండా మెట్ల మీదనే నిలబడేవాణ్ణి. కండక్టరు ఎక్కడివాడో, బహుశా గుంటూరు దిక్కు వాడు. 'లోపలికి రావయ్యా, సీటుంది గదా' అన్నాడు. అయ్యా అని నన్ను పిలిచిన మొదటి మనిషి అతనే. నేను కూసున్న సీటు పక్కనే పటేలు మేనల్లుడు కూసున్నాడు. చోటు లేక కూసున్నాడు గాని ఇష్టమై కాదు. ఏ చట్టం చెయ్యలేని పని ఆ చెక్క సీటు చేసింది. గుళ్ళోకి రానియ్యలేదు, చాయ హోటల్లో గ్లాసు వేరే పెట్టారు. బస్సులో మాత్రం టికెట్టుకో సీటు, అంతే. ఆ కండక్టరు తోలు సంచి వారు తెగితే మా అయ్య ఆరె తెచ్చి చింతచెట్టు కిందనే కుట్టిచ్చాడు, పైసలు తీసుకోలేదు.

తర్వాత చాలా ఏండ్లకు అంబేడ్కర్ తన చిన్ననాటి సంగతి రాసుకున్నది చదివినప్పుడు నాకు ఆ బస్సు గుర్తొచ్చింది. 1901లో తొమ్మిదేళ్ళ పిల్లగాడు, అన్నతో మేనల్లుళ్ళతో కలిసి సతారా నుంచి తండ్రి కాడికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్‌లో రైలు దిగారు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టరు దగ్గరికి తీశాడు. మహర్లమని చెప్పంగనే వెనక్కి జరిగాడు. బండి కట్టేవాడు ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకొని, 'బండి మీరే తోలుకోండి, నేను పక్కన నడుస్తా' అని ఒకడు ఒప్పుకున్నాడు. రాత్రంతా తాగటానికి నీళ్ళు దొరకలేదు. అంబేడ్కర్‌కు కులం అంటే ఏందో లోతుగా తెలిసింది ఆ బండి కాడనే. మద్రాసు రాజధానిలోనూ ప్రైవేటు బస్సులవాళ్ళు అంటరానివాళ్ళను ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. రామనాథపురం జిల్లా బోర్డు అధ్యక్షుడు సౌందర పాండియన్, అట్లా చేస్తే లైసెన్సు రద్దు చేస్తానని ఉత్తర్వు ఇచ్చినంకనే దారికొచ్చారు. అమెరికాలో మాంట్గోమరీ నల్లవాళ్ళు 1955 డిసెంబరు నుంచి 381 రోజులు బస్సెక్కకుండా నడిచి సీటు సంపాదించారు. బస్సంటే ఇనుప డబ్బా అనుకునేవాళ్ళకు ఇవన్నీ అర్థం కావు.

ఇప్పుడు మా చెల్లె సంగతి.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం కాడ 75.6 అడుగులు. అంతకుముందుగాని, ఆ తర్వాతగాని అంత నీళ్ళు రాలేదు. ఆ వానలకే మా వాగు మీది కల్వర్టు కొట్టుకపోయింది. నేను అప్పుడు ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. చెల్లె నాలుగో తరగతి, పెద్దూరు బడి.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. కల్వర్టు మా వాడకు అవతల ఉన్నది. క్రాస్ రోడ్డు నుంచి మా చింతచెట్టు దాకా బాటకు ఏమీ కాలేదు. బస్సు వాడ దాకా వచ్చి మళ్ళీపోవచ్చు. మా అయ్యా, ఇంకో ఇద్దరూ డిపోకు పొయ్యి అదే అడిగారు. అక్కడాయన కాయితాలు చూసి, 'ఊళ్ళోకే పోలేనప్పుడు ఊరవతల వాడ కోసం బస్సేందయ్యా, కలెక్షన్ ఏదీ' అన్నాడట. మా అయ్యకు కలెక్షన్ అంటే ఏందో తెలవదు. చందా అనుకున్నాడు. వాడంతా తిరిగి నలభై రెండు రూపాయలు పోగుచేసి పట్టుకపొయ్యాడు. వాళ్ళు నవ్వారట. ఆ నవ్వు సంగతి మా అయ్య చచ్చిపొయ్యే దాకా ఎవరికీ చెప్పలేదు, చిన్నాయన చెప్తే తెలిసింది.

ఊరివాళ్ళకు ఎడ్లబండ్లున్నయి, సైకిళ్ళున్నయి, ఇల్లెందులో చుట్టాలిండ్లున్నయి. వాళ్ళ పిల్లలు అక్కడ ఉండి చదివారు. మా పిల్లలు క్రాస్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు నడిచి చెయ్యెత్తితే, అప్పటికే నిండివచ్చిన బస్సు ఆగేది కాదు. సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి పొయ్యేసరికి చెల్లె అమ్మెంట మిరప తోటకు పోతున్నది. వేళ్ళు మండుతుంటే మజ్జిగలో ముంచి కూసున్నది. 'బడికి పోవా' అన్నాను. 'బస్సు రాదుగా అన్నా' అన్నది. అంతే. ఏడవలేదు, నేను ఏడుస్తాననుకున్నాను, నేనూ ఏడవలేదు. సెలవులైనంక మూటముల్లె సర్దుకొని హాస్టలుకు వచ్చాను. పదిహేనేళ్ళకు ఆమెను మేనబావకే ఇచ్చారు, అదే వాడలో.

కల్వర్టు 1990లో కట్టారు. బస్సు మళ్ళీ వచ్చింది. మా చెల్లెకు మాత్రం నాలుగో తరగతి మళ్ళీ రాలేదు.

ఆ కలెక్షన్ అనే మాట వెనక ఏమున్నదో నాకు ఉద్యోగం వచ్చినంక తెలిసింది. బస్సు ఒక కిలోమీటరు నడిస్తే ఎంత డబ్బు వచ్చింది, సీట్లు నూటికి ఎన్ని నిండినయి, ఈ రెండింటి మీద సర్వీసు బతుకుతది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు, పదో తరగతి దాకా ఆడపిల్లలకు ఉచిత పాసు ఇచ్చారు. మంచిదే. కాని పాసు పిల్ల ఎక్కితే కండక్టరు సంచిలో పైస పడదు. ఆ డబ్బు ప్రభుత్వం సంస్థకు తిరిగి కట్టాల. అది ఎప్పుడో వస్తది, కొంత వస్తది, వచ్చినా ఈ బస్సు ఖాతాలో కనపడదు. అందుకని అరవై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి పొయ్యే బస్సు కాయితం మీద ఖాళీ బస్సు. కండక్టర్ల భాషలో మేము 'పాసు పిల్లలం'. నష్టం వస్తున్న రూటు అని తీసేసే బస్సుల్లో ఎక్కువ కూసున్నది వీళ్ళే. పట్నం నుంచి పట్నానికి పొయ్యే బస్సులో టికెట్టు తీసుకునేవాడు మనిషి, అడవి బాటలో పాసు చూపిచ్చేవాడు నష్టం. మా తాతలను ఊరి జనాభాలో లెక్కపెట్టలేదు, మా పిల్లలను బస్సు జనాభాలో లెక్కపెట్టటం లేదు. తేడా ఏముంది?

మధ్యలో అన్నలు బస్సులు తగలబెట్టిన కాలం కూడా ఒకటి నడిచింది. బంద్ అంటే ముందు కాలేది బస్సే, ముందు ఆగేది రాత్రి హాల్టే. మా వాడలో ఆ దళాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు కూడా, 'దొర జీపు ఉండంగ మన బస్సు మీద కోపమేందిరా' అని గొణిగేవాళ్ళు.

ఇక నా తప్పు సంగతి రాయాలి. దొరలవీ, ఆఫీసులవీ తప్పులు రాసి నాది రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

1997లో మా వాడకే ఒక బడి వచ్చింది. రెండు గదులు, ఒక బోరింగు. అంబేడ్కర్ ఫోటో నేనే తెచ్చి పెట్టాను. నేను అప్పటికే పంతులునై ఏడాది. మా వాడ పిల్లలు మొదటిసారి ఎవరి కొట్టం పక్కనా కూసోకుండా అక్షరాలు దిద్దారు. పద్దెనిమిదేళ్ళు నడిచింది. 2015లో హేతుబద్ధీకరణ అన్నారు. పిల్లలు తక్కువున్న బడిని దగ్గరి బడిలో కలపాల. మా వాడ బడిలో అప్పటికి పదకొండు మంది. చుట్టుపక్కల బడుల మధ్య దూరాలు రాసిచ్చే పని, పెద్దూరు బడిలో పనిచేస్తున్న నా మీద పడ్డది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలన్నది దాని కింది నియమం. వాగులు, వరదలు, దారి లేకపోవటం లాంటివి ఉంటే వాటిని కూడా చూడాలని, చిన్న ఆవాసాల్లో బడి పెట్టలేకపోతే పిల్లలకు ఉచితంగా బండి ఏర్పాటు చెయ్యాలని కూడా నియమాల్లోనే ఉన్నది. నేను అవన్నీ చదివినవాణ్ణే. మా వాడకూ ఊరి బడికీ మధ్య వాగులోంచి అడ్డంగా పోతే తొమ్మిది వందల మీటర్లు. కల్వర్టు మీదుగా బాట పట్టుకొని పోతే రెండు కిలోమీటర్ల మూడు వందలు. కాయితంలో 'దూరం' అని ఒక్క గడే ఉన్నది. వాగుకు గడి లేదు. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్, సాయంత్రం లోపల పంపమని. నేను 0.9 అని రాశాను.

ఎందుకు రాశాను? భయం కొంత. ఎదురు రాస్తే ఎటన్నా డిప్యుటేషన్ వేస్తారని. కాని అసలు సంగతి వేరే. పొద్దున తొమ్మిదింటికి ఊళ్ళోకి వచ్చే బస్సు ఉన్నది, సాయంత్రం నాలుగున్నరకు పొయ్యే బస్సు ఉన్నది, రెండూ మా చింతచెట్టు కాడ ఆగుతయి. వాగు వస్తే పిల్లలు బస్సెక్కి పోతారులే అనుకున్నాను. ఊరి బడిలో ఇద్దరు పంతుళ్ళు, మాకు ఒక్కడే, పిల్లలకు మేలేనని కూడా సర్దిచెప్పుకున్నాను. బస్సును నమ్మి బడిని ఇచ్చేశాను. మా వాడ బడికి తాళం పడ్డది. ఇప్పుడు దాంట్లో ఎవరిదో వరిగడ్డి ఉన్నది.

నాలుగేండ్లకు 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. సుమారు 48 వేల మంది, 52 రోజులు. దసరా సెలవులను బడులకు అక్టోబరు 19 దాకా పొడిగించారు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకొని చచ్చిపొయ్యాడు. నవంబరు 2న మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని తీర్మానం చేసింది. సమ్మె ఆగినంక కార్మికులను పనిలోకి రమ్మన్నారు, డిసెంబరులో ఛార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెంచారు. నేను ఆ కార్మికుల మీద ఒక్క మాట అనను. నన్ను లోపలికి రమ్మన్నది వాళ్ళలో ఒకడే. కాని సమ్మెలో ఆగిన మా తొమ్మిదింటి బస్సు సమ్మె అయినంక రాలేదు. 'నష్టాల రూటు' అన్నారు. తర్వాత మార్చిలో కరోనా వచ్చింది, బడులే మూతపడ్డయి, బస్సు సంగతి అడిగే నోరు కూడా మూతపడ్డది. బడులు తెరిచినంక చూస్తే సాయంత్రం బస్సు కూడా లేదు.

అట్లా బస్సును చూపిచ్చి బడి తీసేశారు, తర్వాత బస్సు తీసేశారు. ఇద్దరూ వేరు వేరు ఆఫీసులవాళ్ళు. ఒకరి కాయితం ఇంకొకరు చూడరు. రెండు కాయితాలూ కలిసేది మా వాడలోనే.

రవాణా భత్యం ఉన్నది గదా అంటారు. ఉన్నది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షలో, బడి దూరమైన పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల దాకా ఇవ్వొచ్చని ఉన్నది. నెలకు 600 లెక్కన పది నెలలు. కాని కిలోమీటరు దాటాల. మా వాడ పిల్లలు దాటలేదు, 0.9 గదా. నేను రాసిన అంకె కల్వర్టు కన్నా గట్టిది, ఇప్పటికీ కొట్టుకపోలేదు. గురుకులంలో వెయ్యమంటారు. మా గురుకులాలు అయిదో తరగతి నుంచి. ఒకటి నుంచి నాలుగు దాకా చదివే పిల్లలు ఏ గాలిలో నిలబడాల? అయిదేళ్ళ పిల్లను తల్లి నుంచి విడదీసి హాస్టల్లో వెయ్యటం చదువు చెప్పటం ఎట్లా అవుతది?

ఆటో పెట్టుకున్నారు కొన్నాళ్ళు. ఒక ఆటోలో పదమూడు మంది, డ్రైవరు పక్కన అటొకరు ఇటొకరు. కూలి దొరికిన నెల కట్టారు, దొరకని నెల మానేశారు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం చేశారు. మా చెల్లె ఆధార్ కార్డు పట్టుకొని భద్రాచలం పొయ్యొచ్చింది. జన్మలో మొదటిసారి ఎవరినీ పైసలడక్కుండా ఊరు దాటింది. ఆ సంతోషం నేను కాదనను. కాని ఆమె ఆ బస్సు కోసం క్రాస్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు నడిచింది. 'టికెట్టు పుణ్యానికిచ్చారన్నా, బస్సే లేదు' అని నవ్వింది.

చెల్లె బిడ్డ, అల్లుడు పనికి హైదరాబాదు పొయ్యారు. మనవరాలు చెల్లె కాడనే ఉంటది. మూడో తరగతి. 2024 జూలైలో వారం రోజులు ముసురు పట్టింది, వాగు వచ్చింది. నేను ఆదివారం పోతే ఆ పిల్ల ఇంట్లోనే ఉన్నది. బడికి పోక ఆరు రోజులట. పుస్తకాల సంచి చూరుకు తగిలేసి ఉన్నది, ఒకప్పుడు మా అయ్య డప్పు తగిలేసిన మొలకే.

చెల్లె గంజి గ్లాసు చేతికిచ్చి, 'అన్నా, ఒక అర్జీ రాయి' అన్నది. బస్సన్నా రావాల, లేకపోతే మన బడన్నా తెరవాల. నేను కాయితం తీసి, గౌరవనీయులైన అని మొదలుపెట్టాను. దూరం కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. 0.9 రాసింది ఎవరో చెల్లెకు అప్పటిదాకా తెలవదు. చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత, 'నువ్వు ఎప్పుడన్నా నడిచి చూసినవా ఆ బాట' అన్నది. లేదు. నేను చదువుకునే రోజుల్లో బస్సెక్కాను, ఉద్యోగం వచ్చినంక బండి కొనుక్కున్నాను.

'లే' అన్నది.

ముగ్గురం బయల్దేరాం. చెల్లె గొడుగు మనవరాలికి పట్టింది. పిల్ల ముందు నడుస్తుంటే నేను అడుగులు లెక్కబెట్టుకుంట వెనక పొయ్యాను. నా అడుగులు కాదు, ఆమెవి. చింతచెట్టు నుంచి కల్వర్టు దాకా రెండు వేల ఎనిమిది వందల పదకొండు అయినయి. కల్వర్టు మీద మోకాలు లోతు నీళ్ళు పోతున్నయి. పిల్ల ఆగి, 'తాతా, ఈడి దాకానే వస్తం, ఈడ నుంచి ఎనక్కి పోతం' అన్నది. మిగతా సగం వాగు తగ్గినంక లెక్కబెట్టాల. అర్జీ ఇంకా నా సంచిలోనే ఉన్నది, ఆ ఒక్క గడి ఖాళీగా.